చెప్పులు లేకుండా నడిచిన మనిషి వెంట

నెల్లూరులో పొగతోట అంటే ఇప్పుడు ఆస్పత్రుల వీధులు. మందుల షాపులు, స్కానింగ్ సెంటర్లు, సందు మొదట్లో ఇరుక్కుపోయిన అంబులెన్సు. పేరులోని తోట ఏమైందని టోకెను పట్టుకుని కూర్చున్న రోగి అడగడు, అడగాల్సిన పనీ లేదు. ఆ పేటలోనే పుట్టి పెరిగిన పిల్లలకు కూడా తెలియకపోవడమే బాధ. స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్లలో సరుకు దించుకునేవాళ్లు, ఇక్కడెక్కడో ఒక రాతి ఇల్లు ఉండేదేమో అనుకుంటారు. అది ఇల్లు కాదు, కంపెనీ కాలంలో ఇక్కడ పనిచేసిన ఒక కలెక్టరు ఇంటిపేరు. దర్గామిట్ట, కోటమిట్ట అని పేర్లలో మిట్టను ఎందుకు పెట్టుకున్నారో 2021 నవంబరులో పెన్న పొంగి ఒడ్డు కాలనీల్లోకి వచ్చినప్పుడు కొంత అర్థమైంది. ఏది పల్లమో, ఏది మెరకో పాతవాళ్లు మ్యాపు లేకుండానే చెప్పి పెట్టారు.

చుట్టాలొస్తే మనం ఊరు చూపించే పద్ధతి ఒకటుంది. పొద్దున రంగనాయకుల గుడి, సాయంత్రం మైపాడు బీచి, మధ్యలో చేపల పులుసు. రొట్టెల పండగ రోజులైతే స్వర్ణాల చెరువు. అంతకుమించి ఏమైనా ఉందా అని అడిగితే, "ఈడేముంది అబ్బయ్యా చూడను" అనేస్తాం. ఈ మాటే మాకు నచ్చడం లేదు. నగరపాలక సంస్థ, కాలేజీలు, ఊరి మీద మమకారం ఉన్నవాళ్లు కలిసి ఆదివారం పొద్దుటి పూట చరిత్ర నడకలు మొదలుపెట్టాలని మేం కోరుతున్నాం. ఒక్కో నడకకు ఒక్కో అంశం ఉండాలి. అన్నీ ఒక్క రోజులో చూపించే టూరిస్టు బస్సు పద్ధతి వద్దు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 1997లోనే ఇలాంటి నడక మొదలుపెట్టింది. కాలూపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర బయల్దేరి, పోల్ అని పిలిచే సన్నటి సందుల గుండా సాగి, జామా మసీదు దగ్గర ముగుస్తుంది. 2017లో ఆ పాత నగరాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నడక వల్లే గుర్తింపు వచ్చిందని మేం అనడం లేదు. కానీ తమ సందుల్లో చూడదగ్గది ఉందని ఆ ఊరివాళ్లు ముందు నమ్మారు. నెల్లూరులో అలాంటి చెక్కడపు పని ఉన్న ఇళ్ల వరుసలు లేవన్న మాట నిజమే. అందుకే మనకు కట్టడాల టూరు కంటే కథల టూరు నప్పుతుంది.

మొదటి నడక ఏదై ఉండాలన్నదానిపై మాకు తటపటాయింపు లేదు. అది మూలాపేటలో మొదలవ్వాలి. ఊరికి ఆ పేరు రావడానికి కారణమని చెప్పుకునే నెల్లి చెట్టు, అంటే ఉసిరి చెట్టు, దాని కింద దొరికిన శివలింగం కథ అక్కడి మూలస్థానేశ్వరుడి గుడిదే. నెల్ అంటే తమిళంలో వడ్లు, పేరు అందులోంచి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. మొలగొలుకులు పండిన నేల కాబట్టి ఆ మాటనూ కొట్టిపారేయలేం. అయితే మూలాపేటతో మొదలుపెట్టమనడానికి అసలు కారణం అక్కడి వేణుగోపాలస్వామి గుడి. దళితులను లోపలికి రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షకు కూర్చున్నది ఆ గుడి కోసమే.

జిల్లాకు 2008లో ఆయన పేరు పెట్టుకున్నాం. మద్రాసులో 58 రోజులు అన్నం ముట్టకుండా 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన సంగతి బడి పిల్లలందరికీ కంఠతా వచ్చు. నెల్లూరు వీధుల్లో ఆయన ఎలా బతికారో మాత్రం ఎవరూ చెప్పరు. అంటరానితనం పోవాలని రాసిన అట్టలు ఒంటికి తగిలించుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా, నెత్తిన గొడుగు లేకుండా ఈ ఊరి ఎండలో తిరిగేవారు. నెల్లూరు ఎండ ఎలాంటిదో ఈ పత్రిక చదివేవాళ్లకు మేం చెప్పాలా? చూసినవాళ్లలో కొందరు పిచ్చాడన్నారు. పెద్ద కులాలవాళ్లు దూరం పెట్టారు. ఇప్పుడు కూడళ్లలో విగ్రహాలకు దండలేసేది కూడా ఆ ఊరివాళ్లమే. చరిత్ర నడక అంటే గొప్పలు చెప్పుకోవడమే అయితే దానికి ఫ్లెక్సీలు చాలు. ఆయనను పిచ్చాడన్న వీధుల్లోనే నిలబడి ఆ మాట చెప్పగలిగితేనే ఈ నడకకు అర్థం.

అక్కణ్నుంచి ట్రంకు రోడ్డు మీదికి వస్తే రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం, అదే మన టౌను హాలు. వీఆర్ కాలేజీ, పొణకా కనకమ్మ ఆడపిల్లల చదువు కోసం నిలబెట్టిన కస్తూరిదేవి విద్యాలయం, 1928 నుంచి రైతుల పక్షాన రాస్తూ వచ్చిన మన తోటి పత్రిక జమీన్ రైతు, వీటన్నిటినీ కలుపుతూ ఒక నడక వేయొచ్చు. పాటల మీద మనసున్నవాళ్లు తిప్పరాజువారి వీధికి వెళ్తారు. అక్కడి ఇంటిని బాలసుబ్రహ్మణ్యం 2020లో వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు.

పెన్న ఒడ్డుది వేరే నడక. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉంటూ, విరాటపర్వం నుంచి 15 పర్వాలు తెలుగు చేసిన తిక్కన ఊరు ఇది. ఆయన దాయాది ఖడ్గతిక్కన కథ నడకలో చెప్పడానికి ఇంకా బాగుంటుంది. పశువుల మేతకు కట్టాల్సిన పుల్లరి దగ్గర కాటమరాజుతో పోరు వచ్చింది. ఓడి ఇంటికొచ్చిన మొగుడికి చానమ్మ మంచం అడ్డుపెట్టి, స్నానానికి నీళ్లతో పాటు పసుపు ముద్ద పెట్టింది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లుండేవాళ్లు, నీతో ముగ్గురయ్యారన్నదాని భావం. ఈ కథ విని నేటి అమ్మాయిలు ఏమంటారో కూడా వినాలని మాకు ఉంది.

స్వర్ణాల చెరువు దగ్గరికి పండగ లేని రోజున వెళ్లాలి. లక్షల జనంలో బారాషహీద్ దర్గా కథ చెవిన పడదు. గట్టు మీద నిద్రపోయిన చాకలి దంపతులు, కలలో కనిపించిన అమరవీరులు, ఆర్కాటు నవాబు భార్యకు నయమైన జబ్బు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, చదువుల రొట్టెతో మొదలై వీసా రొట్టె దాకా వచ్చిన వరుస చూస్తే, జిల్లా జనం ఏ కాలంలో ఏం కోరుకున్నారో తెలిసిపోతుంది.

నడిపించేవాళ్లకు ఒక్కటే షరతు. శాసనంలో ఉన్నదేదో, జనం చెప్పుకునేదేదో విడదీసి చెప్పాలి. జనం కథను తక్కువ చేయమని కాదు, రెండింటినీ కలిపి వండొద్దని. ఈ జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చువేశారు. తెలుగు, చరిత్ర చదివే పిల్లలకు వాటిని ఇచ్చి తర్ఫీదు ఇస్తే చాలు. చూపించడానికి ఏమీ మిగలని కథలూ చెప్పొచ్చు. 1780లలో నెల్లూరు దగ్గర దున్నుతున్న రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే పాత గుడి ఆనవాళ్లు, ఒక కుండ, అందులో రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. పాత బంగారమని అమ్మేశాడు, చాలావరకు కరిగించేశారు. మిగిలినవాటి మీద ట్రాజన్, హాడ్రియన్ పేర్లున్నాయి. రోము సొమ్ము ఇక్కడిదాకా ఎందుకొచ్చిందని పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి.

ఖర్చు పెద్దగా లేదు. తోరణాలు, ప్రారంభోత్సవ సభ, మైకు సెట్టు అక్కర్లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో మనకు తుపాన్ల టెన్షన్, మార్చి దాటితే ఎండ. కాబట్టి సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఆదివారాలు పనికొస్తాయి. ఆరింటికి బయల్దేరితే ఎనిమిదిన్నరకు టిఫిన్ వేళకు ముగుస్తుంది. దారిలో ఆడవాళ్లకు ఒక శుభ్రమైన టాయిలెట్ ఉండాలి. మూలాపేట నుంచి టౌను హాలు దాకా ఫుట్‌పాత్ మీద పెట్టిన బైకులను, బోర్డులను ఆ రెండున్నర గంటలైనా తీయించాలి. 1866లోనే మునిసిపాలిటీ అయిన ఊరికి ఇది కష్టమేమీ కాదు.