‘న్యూస్’ అంటే నాలుగు దిక్కులు కాదు

మా మేనకోడలు ఎనిమిదో తరగతి చదువుతోంది. పోయిన వారం జీకే నోట్సు తెచ్చి నా ముందు పెట్టి, "మామయ్యా, ఇది కరెక్టేనా?" అంది. ఎర్ర పెన్నుతో కింద గీత గీసి మరీ రాసుకుంది: "న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్. నాలుగు దిక్కుల నుంచి వచ్చే సమాచారం." అదే రాత్రి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ మాటే ఇంకాస్త పెరిగి కనపడింది: "చివర ఉన్న ఎస్ బహువచనం కాదు, సౌత్‌కి గుర్తు. అందుకే న్యూస్ ఈజ్ అంటాం, న్యూస్ ఆర్ అనం."

ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. ఇది చూసి ఊరుకోలేకపోయాను. పిల్లలు దీన్ని పరీక్షల్లో రాస్తున్నారు, ఉద్యోగాల పరీక్షలకు చదివే పెద్దవాళ్ళు కూడా బట్టీ పడుతున్నారు. కాబట్టి ఇందులో ఒక్కో ముక్కా తీసుకుని చెప్తాను.

ముందు అక్షరాల సంగతి. ఇవాళ మనం రాసే నాలుగక్షరాల స్పెల్లింగ్ మొదట్నుంచీ లేదు. 1611లో లండన్‌లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో సామెతల గ్రంథం 25వ అధ్యాయం, 25వ వచనం చూడండి. దూరదేశం నుంచి వచ్చిన మంచి కబురు దప్పిగొన్నవాడికి చల్లటి నీళ్ళలాంటిది అని దాని భావం. ఆ వచనంలో ఈ మాటకు ఎన్, ఈ, డబ్ల్యూ, ఈ, ఎస్ అని ఐదు అక్షరాలున్నాయి. దిక్కులు నాలుగే కదా, మరి ఆ రెండో ‘ఈ’ ఎక్కడి నుంచి వచ్చింది? దిక్కుల పేర్లలోంచి ఏరి కట్టిన మాటే అయితే దానికి అదనపు అక్షరం ఎందుకు తగులుతుంది?

అసలు పొడి అక్షరాలు పేర్చి మాటలు కట్టడం ఇంగ్లీషులో నిన్న మొన్నటి అలవాటు. రాడార్ రెండో ప్రపంచ యుద్ధం నాటిది, లేజర్ ఆ తర్వాతది. అలాంటి మాటల్ని యాక్రోనిమ్ అనడం కూడా 1940ల్లోనే వాడుకకెక్కింది. న్యూస్ అన్న మాటేమో 14వ శతాబ్దం చివరి నుంచే ఉంది. అప్పటికి అచ్చు పత్రిక అన్నదే పుట్టలేదు. మొదటి అచ్చు వార్తాపత్రికగా చెప్పుకునేది 1605లో స్ట్రాస్‌బర్గ్‌లో మొదలైంది.

మరి మాట ఎలా పుట్టింది? ‘న్యూ’ అంటే కొత్త. దానికి బహువచనం ఎస్ చేరిస్తే ‘కొత్తవి’, అంటే కొత్త సంగతులు. ఫ్రెంచివాళ్ళు ‘కొత్త’ అనే మాటనే బహువచనం చేసి ‘నూవెల్’ అంటారు, కబుర్లకు అదే పేరు. మధ్యయుగాల లాటిన్‌లో ‘నోవా’ అన్నా కొత్త సంగతులనే. ఇంగ్లీషు మాట ఆ దారిలోనే నడిచింది. దిక్కుల కథే నిజమైతే ఫ్రెంచి నూవెల్‌లో, లాటిన్ నోవాలో ఏ దిక్కులున్నట్టు? అంత దూరం ఎందుకు, మన ఇంట్లోనే చూడండి. ఊరి నుంచి ఎవరైనా వస్తే "ఏంటి విశేషాలు?" అని అడుగుతాం. ఒక్క సంగతే ఉన్నా అడగడం మాత్రం బహువచనంలోనే అడుగుతాం.

ఇక ఆ ఎస్, దాని వెంట వచ్చే ‘ఈజ్’. ఫార్వర్డు చదివినవాళ్ళు ఎక్కువగా నమ్ముతున్నది ఈ భాగాన్నే, ఎందుకంటే వ్యాకరణంలా వినిపిస్తుంది. ఎస్ బహువచనం కాదన్నది పచ్చి అబద్ధం. షేక్‌స్పియర్ నాటకం ఒకదానిలో ఒకడు నీకో వింత కబురు చెప్తానంటే రెండోవాడు "ఆర్ దే గుడ్?" అంటాడు, అవి మంచివేనా అని. అక్కడ న్యూస్ బహువచనమే. అదే షేక్‌స్పియర్ ఇంకో నాటకంలో "దిస్ న్యూస్ ఈజ్ ఓల్డ్ ఇనఫ్" అని ఏకవచనంలో వాడాడు. అంటే ఆ రోజుల్లో రెండూ నడిచాయి. పోనుపోను జనం కొత్త సంగతుల్ని విడివిడిగా కాక ఒక్క ముద్దగా అనుకోవడంతో ‘ఈజ్’ నిలిచింది, ‘ఆర్’ పోయింది. మ్యాథమెటిక్స్ ఈజ్ అంటాం, మీజిల్స్ ఈజ్ అంటాం. వాటి చివరా ఎస్ ఉంది. అక్కడ ఏ దక్షిణం ఉంది?

తెలుగువాళ్ళకు ఇది అందాలంటే ‘పాలు’ గుర్తు చేసుకుంటే చాలు. పాలు విరిగాయి అంటాం, విరిగింది అనం. రూపం బహువచనం, క్రియా బహువచనమే. అయినా ‘ఒక పాలు’, ‘రెండు పాలు’ అని లెక్కపెట్టం. గ్లాసెడు పాలు, లీటరు పాలు అంటాం. న్యూస్‌కీ అదే లెక్క. కాకపోతే క్రియ ఏకవచనానికి మారింది. అందుకే ‘ఎ న్యూస్’ తప్పు, ‘ఎ పీస్ ఆఫ్ న్యూస్’ ఒప్పు. మనకు వార్త, వార్తలు అని విడిగా ఉన్నాయి కాబట్టి "ఐ హావ్ ఎ గుడ్ న్యూస్" అని నోరు జారుతుంది. నా క్లాసులో ప్రతి ఏడూ వినే తప్పు ఇది. ‘ఎ’ తీసేసి "ఐ హావ్ గుడ్ న్యూస్" అంటే సరిపోతుంది.

అర్థం వైపు నుంచి చూసినా దిక్కుల కథ నిలవదు. పదేళ్ళ కిందటి సంగతి మనకు ఇవాళే తెలిస్తే "దట్స్ న్యూస్ టు మీ" అంటాం. అది ఏ దిక్కు నుంచి వచ్చిందన్నది అక్కడ లెక్కలో లేదు. వినేవాడికి కొత్తదా కాదా అన్నదే లెక్క. మాటలోని ‘న్యూ’ ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది.

ఈ కథ వాట్సాప్‌లో పుట్టిందేమీ కాదు. 1640లో ఇంగ్లండులో అచ్చయిన ఒక చమత్కారాల సంకలనంలోనే, న్యూస్ నాలుగు దిక్కుల నుంచీ వస్తుందని అక్షరాలు విడదీసి చెప్పే చిన్న పద్యం ఉంది. అది రాసినవాడు సరదాగా మాటతో ఆడుకున్నాడు. ఆ ఆట నాకూ నచ్చింది. కానీ మాట అప్పటికే రెండు వందల ఏళ్ళకు పైబడినది. ఆటను తీసుకొచ్చి చరిత్రగా పిల్లల నోట్సులో ఎక్కించడం దగ్గరే నా అభ్యంతరం.

మా మేనకోడలు అంతా విని, "మరి టీచర్ ఒప్పుకోకపోతే?" అంది. 1611 నాటి ఆ బైబిలు పేజీ ఫొటో ప్రింటు తీసి ఇచ్చాను. బడికి బయల్దేరే ముందు తనే పెన్ను తీసుకుని ఆ రెండో ‘ఈ’ చుట్టూ సున్నా చుట్టింది.