సొంత కంప్యూటర్‌లో నేనూ మామూలు యూజర్‌నే

మా ఇంటి కంప్యూటర్‌కు డబ్బు కట్టింది నేనే. అయినా రోజూ అందులోకి స్టాండర్డ్ యూజర్‌గానే, అంటే కంప్యూటర్‌లో పెద్ద మార్పులు చేసే హక్కు లేని మామూలు అకౌంట్‌తోనే, వెళ్తాను. ఈ మాట చెబితే మా బావమరిది ఒకటే నవ్వు. "సొంత ఇంట్లో అద్దెకుంటున్నారా బావా?" అట!

పోయిన వేసవి సంగతి మరిచిపోయినట్టున్నాడు. వాళ్ల పదకొండేళ్ల సుపుత్రుడు మా ఇంట్లో ఏదో ఆటను ఉచితంగా దించుకున్నాడు. తెర మసకబారి, మార్పులకు అనుమతిస్తారా అని అడిగే పెట్టె వచ్చింది. చదివితే కదా! 'యెస్' నొక్కేశాడు. దాంతో కంప్యూటర్ పాడై, విండోస్ మళ్లీ మొదటి నుంచి వేసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. వాడిని ఏమనగలను? దుకాణం వాళ్లు పాస్‌వర్డ్ లేని ఒకే ఒక్క అడ్మిన్ (అన్ని మార్పులూ చేసే హక్కున్న అడ్మినిస్ట్రేటర్) అకౌంట్ పెట్టి ఇస్తే, ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదినీ అందులోనే తిరగనిచ్చిన పెద్దమనిషిని నేను.

పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అసలు అడిగే నాథుడే లేడు. అనుమతి అడిగే ఆ పెట్టె 2007లో, దాని తర్వాతి విండోస్ అయిన విస్టాతో వచ్చింది. అప్పుడు అందరితో పాటు నేనూ విసుక్కున్నాను. అయితే అడ్మిన్‌ను అది 'యెస్'తో వదిలేస్తుంది, స్టాండర్డ్ యూజర్‌ను మాత్రం అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పది అక్షరాలు కొట్టేలోపు "ఇంతకీ దీన్ని నేను రమ్మన్నానా?" అన్న ఆలోచన వస్తుంది చూడండి, నాకు కావలసింది అదే.

మీరూ ఇలా మార్చుకోవాలంటే: సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్. ముందు కొత్త అకౌంట్ తెరిచి, అడ్మినిస్ట్రేటర్‌గా మార్చి, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. ఒకసారి దానితో లోపలికి వెళ్లి చూసుకున్నాకే పాత అకౌంట్‌ను స్టాండర్డ్‌కు దించండి. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. నా పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. ముక్కు విరిచే నిపుణులకు ఒక మనవి: బీరువా పగలగొట్టే దొంగ మా ఆవిడ గొలుసు కోసం వస్తాడు, పాస్‌వర్డ్ కోసం కాదు.

దీనితో అన్నీ భద్రమని అనుకోకండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్‌కు మీ ఫొటోలు పాడుచేయడానికి అడ్మిన్ హక్కు అక్కర్లేదు. వాటి నకలు వేరే డిస్కులో ఉండాలి, ఆ డిస్కు కంప్యూటర్‌కు తగిలించి ఉండకూడదు.

మొన్న ఆదివారం మేనల్లుడు మళ్లీ వచ్చాడు. లోపలి గదిలోంచి కేక.

"మామయ్యా, పాస్‌వర్డ్ అడుగుతోంది!"

"దేనికిరా?"

కాసేపు చప్పుడు లేదు.

"ఏమీ లేదులే మామయ్యా."