కంపెనీ కాదనలేదు కాబట్టి ఈ-క్యాట్ నిజమేనా?

ఆంద్రియా రొస్సీ పేరు ఎత్తితే చాలు, ఈ వాదన మళ్లీ ముందుకొస్తుంది: "పెద్ద కంపెనీలు ఆయనతో పనిచేశాయి. ఒక్క కంపెనీ కూడా కాదనలేదు. కోటికి పైగా డాలర్లు ఇచ్చారు, అమెరికా పేటెంట్ వచ్చింది, చివరికి కోర్టులో కంపెనీయే రాజీకొచ్చింది. ఇంకా అనుమానమేంటి?"

రొస్సీ ఇటలీ ఆవిష్కర్త. నికెల్, హైడ్రోజన్‌ల మధ్య అణుచర్యతో, పెట్టిన కరెంటుకి ఎన్నో రెట్ల వేడి వస్తుందంటూ 2011 జనవరిలో బొలోన్యాలో ఈ-క్యాట్ యంత్రాన్ని ప్రదర్శించారు. ఇప్పుడు పైవాదన సంగతి చూద్దాం.

"పెద్ద కంపెనీలు పనిచేశాయి." యంత్రం కంట్రోల్ సిస్టమ్ కోసం నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌తో పనిచేస్తున్నానని 2011 చివర్లో రొస్సీ చెప్పారు. కొలిచే పరికరాలు, వాటి సాఫ్ట్‌వేర్ అమ్మడం ఆ కంపెనీ వ్యాపారం. డబ్బు కట్టినవాడికి థర్మామీటర్ అమ్మినంత మాత్రాన జ్వరం ఉందని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు కదా. ఇలాంటి చోట కంపెనీ పీఆర్ విభాగానికి టెన్షన్ తప్పదు. "ఆయన మా కస్టమర్" అంటే అభిమానులు దాన్నే ఆమోదముద్రగా చేసుకుంటారు. నోరు మెదపకపోతే రహస్య ఒప్పందం ఉందంటారు.

"కాదనలేదు కదా!" మౌనం అర్ధాంగీకారం అనేది పెళ్లిచూపుల్లో చెల్లుతుందేమో. ఒప్పందంలో గోప్యత షరతు, దావా భయం, ఖండిస్తే ఇంకా ప్రచారం ఇచ్చినట్టవుతుందన్న లెక్క ఉన్న చోట మౌనానికి ఆ అర్థం రాదు. పైగా ఇక్కడ కాదన్నారు కూడా. నార్త్ కరోలినాలోని ఇండస్ట్రియల్ హీట్ సంస్థ ఈ-క్యాట్ హక్కులు తీసుకున్నట్టు 2014 జనవరిలో ప్రకటించింది. ఫ్లోరిడాలోని డోరల్‌లో యంత్రానికి పెట్టిన ఏడాది పరీక్ష 2016 ఫిబ్రవరిలో ముగిసింది. ఆ పరీక్షలో యంత్రం నుంచి వచ్చే ఆవిరిని కొనుక్కునే "కస్టమర్" కంపెనీకి అధ్యక్షుడు రొస్సీ సొంత లాయరేనని తర్వాత కేసులో తేలింది. ఒప్పందం ప్రకారం మిగతా డబ్బు ఇవ్వలేదంటూ 2016 ఏప్రిల్‌లో రొస్సీ దావా వేయగానే ఇండస్ట్రియల్ హీట్ ప్రకటన ఇచ్చింది: ఆయన చెప్పిన ఫలితాలను నిర్ధారించుకోవడానికి మూడేళ్లకు పైగా ప్రయత్నించాం, ఒక్కసారీ కుదరలేదు అని. అంటే బయట మౌనాన్ని విజయంగా చదువుకుంటున్న రోజుల్లో లోపల జరుగుతున్నది ఇదన్నమాట.

అలాగని సంస్థ పీఆర్‌ను వెనకేసుకు రావట్లేదు. 2014 ప్రకటనలో తమ సిబ్బంది ఎదుటే పరీక్షలు జరిగాయని, స్వతంత్ర నిపుణుడు ధ్రువీకరించాడని వాళ్లే రాసుకున్నారు. అదే నిపుణుడు డోరల్ పరీక్షకూ కొలతలు తీశాడు. ఆ కొలతలు చెల్లవని కోర్టులో వాదించింది ఇదే సంస్థ. తొందరపడి రాసిన ఆ మాటలే ఇవాళ్టికీ అభిమానులకు ఆయుధం. 2015లో బ్రిటన్‌లోని వుడ్‌ఫోర్డ్ ఫండ్లు ఈ సంస్థలో పెట్టుబడి పెట్టాయి. ఇక అది ఇంకో "రుజువు" అయి కూర్చుంది.

"అంత డబ్బు ఊరికే ఇస్తారా?" ఇచ్చింది 1.15 కోట్ల డాలర్లు. ఏడాది పరీక్ష నెగ్గితేనే ఇస్తామని ఆపిపెట్టింది 8.9 కోట్లు. మొత్తంలో పదింట దాదాపు తొమ్మిది వంతులు చేతిలోనే ఉంచుకుని, ఒక వంతు ముందుగా ఇచ్చినవాళ్లది నమ్మకమా, జూదమా?

పేటెంట్ 2015 ఆగస్టులో వచ్చిన మాట నిజమే. అది ద్రవాన్ని వేడిచేసే పరికరానికి. అణుచర్య ప్రస్తావనే అందులో లేదు.

ఇక రాజీ. 2017 జులైలో విచారణ మొదలయ్యాక కుదిరింది. లైసెన్సు రొస్సీకి తిరిగి వెళ్లింది. 8.9 కోట్లు ఆయనకు రాలేదు, ఇచ్చిన 1.15 కోట్లు సంస్థకూ తిరిగి రాలేదు. యంత్రం పనిచేసిందా లేదా అన్నది జ్యూరీ తేల్చే దాకా కేసు నిలవనేలేదు.