తెల్ల బంగారం గారికి ఒక పచ్చటి ఫిర్యాదు

మహారాజరాజశ్రీ తెల్ల బంగారం గారి సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరే మళ్లీ కాస్త పచ్చబడ్డారు.

మొదటిసారి మీకిలా అయినప్పటికి మిమ్మల్ని వేలికి తొడుక్కుని 14 నెలలు. చేతులు కడుక్కుంటూ ఉంగరాన్ని పక్కకి తిప్పాను. అరచేతి వైపు భాగం వేరే రంగులో కనిపించింది, సున్నం వేసిన గోడకి ఎవరో పసుపు చెయ్యి తుడిచి వెళ్లినట్టు. పైన రాయి చుట్టూ మాత్రం మీరు ఎప్పటిలాగే అద్దంలా తళతళలాడుతున్నారు. పైన పెళ్లికళ, కింద కామెర్లు.

నా మొదటి అనుమానం మురికి మీద పడింది. రెండోది సబ్బు మీద. మూడోది, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఉంగరం కొనిపెట్టిన మనిషి మీద. ఆయన్ని రెండు రోజులు అదోలా చూశాను. పాపం, ఎందుకలా చూస్తున్నానో ఇప్పటికీ ఆయనకి తెలీదు.

పళ్లని తెల్లగా చేసేది బంగారాన్ని చెయ్యదా అని టూత్‌పేస్టు పెట్టి పావుగంట తోమాను. దాంట్లో ఉండే పొడి గరుకు, బంగారం మెత్తన. అక్కడక్కడా మిగిలిన తెలుపు కూడా ఆ పావుగంటలో పల్చబడింది. ఉంగరం నిండా సన్నని గీతలు అదనంగా వచ్చాయి.

కొన్న షాపుకి తీసుకెళితే కౌంటర్లో అబ్బాయి ఒక్క క్షణం చూసి, "ఒంటి వేడికి అలా అవుతుంది మేడమ్" అన్నాడు. అంటే ఏడాదికి పైగా నా ఒంటి వేడితో నేనే మిమ్మల్ని కాల్చుకు తిన్నానన్నమాట. ఇంటికొచ్చి జ్వరం కూడా చూసుకున్నాను.

చివరికి నిజం చెప్పింది ఒక పెద్దాయన. నగలు బాగుచేస్తాడు. కంటికి లెన్సు తగిలించుకుని మిమ్మల్ని రెండు వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పాడు. తర్వాత లెన్సు నాకిచ్చి చూడమన్నాడు. రాయి కిందా మూలల్లోనూ తెలుపు చెక్కు చెదరలేదు. అంచుల దగ్గర చిరిగిన పరదాలా ఉంది. ఆ చిరుగుల్లోంచి లేత గడ్డి రంగు తొంగి చూస్తోంది.

"ఇది మురికి కాదమ్మా. బంగారం" అన్నాడు.

ఆ మాటతో మీకూ నాకూ మధ్య గౌరవవాచకాలు అయిపోయాయి. ఇక్కణ్ణుంచి నువ్వు అనే అంటాను.

నీ సంగతంతా ఆయనే విప్పి చెప్పాడు. నీ లోపలివైపు 750 అని చెక్కి ఉంది చూడు, అది 18 క్యారెట్ల గుర్తు. వెయ్యి పాళ్లలో 750 పాళ్లు అచ్చమైన పసుపు బంగారమే. 585 అని ఉంటే 14 క్యారెట్లు. మిగతా పాళ్లలో నికెలో పల్లాడియమో, వెండి, జింకు లాంటివి పోసి కరిగిస్తారు. ఆ పసుపుని చల్లార్చడమే వాటి పని. ఈ లెక్క తెలియక ఒకప్పుడు నేను షాపులో కూర్చుని, "22 క్యారెట్లలో తెల్లది చూపించండి" అని దర్జాగా అడిగాను. 22 క్యారెట్లలో వేరే లోహాలకి మిగిలే చోటు నూటికి ఎనిమిదిన్నర పాళ్లు కూడా లేదు. అంత కొంచెం కలిపితే బంగారం తెల్లబోదు. తెల్లబోయింది నేనే.

సరే, పావు వంతు కలిపాక అయినా పూర్తిగా తెల్లబడ్డావా? అదీ లేదు. అప్పటికీ లోపల పసుపు ఛాయ మిగిలే ఉంటుంది. అందుకని పైన రోడియం అనే తెల్లటి లోహంతో పూత. ఆ పూత మందం చాలా నగల్లో అర మైక్రాన్ దాటదు. తలవెంట్రుక 70 మైక్రాన్లు ఉందనుకుంటే, అలాంటి పూతలు 140 పేరిస్తే ఒక వెంట్రుక అవుతుంది. నేను మెచ్చుకుని, మురిసిపోయి, నలుగురికీ చూపించుకున్న తెలుపు మొత్తం అదే. గిన్నెలు తోమే చేతికి, స్టీరింగు పట్టుకునే చేతికి, బ్యాగుల్లో దూర్చే చేతికి అది ఏడాదో రెండేళ్లో నిలవడమే గొప్ప. చెవులకీ మెడకీ అంత రాపిడి ఉండదు కాబట్టి అక్కడ చాలా ఏళ్లు పెద్దమనిషిలా నెట్టుకొస్తావట.

ఇప్పుడు నా లెక్క చూడు. బంగారమని డబ్బు కట్టాను. బంగారం బయటపడగానే మోసపోయానని గోల చేశాను. బంగారం కనపడకుండా చెయ్యండి బాబూ అని మళ్లీ డబ్బు కట్టాను. ఇంతకన్నా తెలివైన వ్యాపారం నేనైతే ఎక్కడా చూడలేదు.

మీ వాళ్ల చరిత్ర కూడా కాస్త తిరగేశాను. పల్లాడియం, రోడియం రెండింటినీ కనిపెట్టింది వొలాస్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త. 1803లో పల్లాడియాన్ని లోకానికి పరిచయం చేసిన తీరు నాకు భలే నచ్చింది. కనిపెట్టింది తనేనని చెప్పలేదు. 'కొత్త వెండి' అని పేరులేని కరపత్రం ఒకటి వేసి, లండన్లో ఒక షాపులో అమ్మకానికి పెట్టించాడు. అదేదో కల్తీ సరుకని ఒక రసాయన శాస్త్రవేత్త వ్యాసం కూడా రాశాడు. ఆ తర్వాతెప్పుడో, 1805లో, అది నా పనేనని వొలాస్టన్ ఒప్పుకున్నాడు. ఇక రోడియం. గ్రీకులో గులాబీ అన్న మాట నుంచి ఆ పేరు పెట్టాడు, దాని లవణాలు గులాబీ రంగులో ఉంటాయని. పేరు గులాబీ, ఒళ్లు వెండి రంగు, ఉద్యోగం పసుపుని దాచడం. మీ బంధువర్గంలో సొంత రంగుతో బతికినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నువ్వు మాత్రం ప్లాటినం వేషం కట్టడానికే పుట్టావు. రెండో ప్రపంచ యుద్ధంలో ప్లాటినం సైన్యానికి కావాలని అమెరికాలో నగలకి వాడనివ్వకపోతే ఆ కుర్చీలో నువ్వు సర్దుకుని కూర్చున్నావు. యుద్ధం అయిపోయినా లేవలేదు. కానీ ఒకే సైజు ఉంగరాలు రెండూ అరచేతిలో పెట్టుకుంటే కళ్లు మూసుకునే చెప్పొచ్చు, ప్లాటినం ఎంత బరువో. అదీ గీతలు పడుతుంది, మెరుపు తగ్గి మసకబారుతుంది. ఎంత అరిగినా రంగు మాత్రం మారదు. లోపలా బయటా అదే సరుకు మరి.

నీ మీద నాకున్న అసలు కోపం రంగు గురించి కూడా కాదు. మా చెల్లెలి చెవుల గురించి. నీ కమ్మలు పెట్టుకుని మొదటి ఏడాది హాయిగా తిరిగింది. రెండో ఏడు దురద, ఎరుపు, ఆపైన రసి. డాక్టరు నికెల్ పడలేదన్నారు. పూత ఉన్నన్నాళ్లూ నికెల్ పరదా వెనకే ఉంది, పూత అరిగాక తిన్నగా చర్మం మీదకొచ్చింది. యూరప్ దేశాలు 1994లోనే దీని మీద చట్టం చేశాయి. నగలో నికెల్ ఎంత ఉందని కాదు, చర్మానికి ఎంత వదులుతుందని కొలుస్తారు. ఇప్పటి లెక్కలో చెవికో ముక్కుకో కుట్టించుకుని పెట్టుకునేవైతే చదరపు సెంటీమీటరుకి వారానికి 0.2 మైక్రోగ్రాములు దాటకూడదు. మా చెల్లి ఇప్పుడు పల్లాడియం కలిపినవి పెట్టుకుంటోంది. ఖరీదు ఎక్కువ, రంగు కాస్త బూడిదగా ఉంటుంది, చెవులు మాత్రం నిమ్మళంగా ఉన్నాయి.

ఈత కొలనులో నీ వేషాల సంగతి కూడా ఆ పెద్దాయనే చెప్పాడు. నికెల్ కలిపిన నీకు క్లోరిన్ అంటే ప్రాణసంకటం. రాయిని పట్టుకునే కొక్కేలు కంటికి కనపడని పగుళ్లిచ్చి, ఒకరోజు పుటుక్కున విరుగుతాయట. రాయి నీళ్లపాలు. బట్టలకి వాడే బ్లీచింగ్ కూడా అదే బాపతు. అందుకని ఈతకీ, ఇల్లు కడిగేటప్పుడూ నిన్ను తీసి పక్కన పెడుతున్నాను. నీ స్నానానికి గోరువెచ్చటి నీళ్లు, ఒక సబ్బు చుక్క, మెత్తటి బ్రష్షు చాలు. తుడిచి విడిగా ఒక సంచిలో పెడుతున్నాను, ఎందుకంటే పక్కన వజ్రం ఉంటే నిన్ను గీకేస్తుంది. ఇన్ని పథ్యాలు మా ఇంట్లో పసిబిడ్డకి కూడా చెయ్యలేదు.

మొన్న ఒక స్నేహితురాలికి తోడుగా మళ్లీ షాపుకెళ్లాను. ఈసారి తెలివిమీరి, "ఇది తెల్లగా ఉండటానికి ఏం కలిపారు? పూత వెయ్యకముందు ఏ రంగులో ఉంటుంది?" అని అడిగాను. అమ్మే మనిషి చుట్టుపక్కల ఎవరైనా విన్నారేమోనని చూశాడు. నగల పరిశ్రమలో నీ పసుపుదనానికి ఒక సూచీ కూడా ఉంది. 19 లోపు ఉంటే పూత అక్కర్లేదు. 24.5 వరకూ వేసినా వెయ్యకపోయినా ఫర్వాలేదు. 32 వరకూ అయితే తప్పదు. ఆ అంకె చెప్పమంటే లోపలికి వెళ్లి టీ పంపించాడు.

మొదటిసారి నీకు మళ్లీ పూత వేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. ముందు చక్రం మీద సాన పట్టి గీతలు తీశారు. పాత తెలుపు పోయి నువ్వు నిలువునా లేత పసుపులోకి వచ్చావు. నిజం చెప్పనా, అప్పుడు నువ్వు బాగున్నావు. తర్వాత కడిగి, తీగకి వేలాడదీసి, కరెంటు పెట్టిన ద్రావణంలో ముంచారు. నిమిషం పట్టిందో లేదో, మళ్లీ కొత్త తెలుపు. సాన పట్టిన ప్రతిసారీ నీ ఒళ్లు రవ్వంత అరుగుతుందని పెద్దాయన అన్నాడు. సైజు మార్చి అతుకు వేసినా మళ్లీ ఇదే తతంగమట.

ఈసారి పచ్చబడ్డావని తీసుకెళితే ఆయన అలవాటుగా తీగ అందుకున్నాడు.

"పూత వద్దండీ. కొక్కేలు గట్టిగా ఉన్నాయో లేదో చూసి, సాన పట్టి ఇచ్చెయ్యండి" అన్నాను.

"పచ్చగా ఉంటుందమ్మా మరి."

"ఉండనీయండి."

ఇట్లు,
నీ అసలు రంగు చూసినదాన్ని

తా.క.: పెట్రోలు కార్ల పొగగొట్టంలో పొగని శుభ్రం చేసే డబ్బా ఒకటి ఉంటుందట, లోకంలో రోడియం ఎక్కువగా వెళ్లేది దాంట్లోకేనట. మా కారుకీ ఉంది. మసి కొట్టుకుపోయి ఉంటుంది పాపం, ఇంతవరకూ ఒక్కసారి కూడా మళ్లీ పూత వెయ్యమని అడగలేదు.