అకౌంటెంటుకి తుపాకీ ఎందుకు?

మొన్న మన తెలుగు సంఘం సమావేశంలో టీ తాగుతూ, ఆదివారం పొద్దున నాకు కుదరదు, షూటింగ్ ఉంది అన్నాను. పక్కనున్నావిడ "ఏ సినిమా?" అంది. సినిమా కాదండీ, రైఫిల్ షూటింగ్ అన్నాను. ఆవిడ కప్పు కింద పెట్టేసింది. "మీరా? మీరు అకౌంటెంటు కదా!"

ఆ 'కదా' నాకు కొత్త కాదు. ఆరేళ్ళుగా వింటున్నాను. తుపాకీ పట్టుకునేవాళ్ళంటే మన మనసులో ఒక బొమ్మ స్థిరపడిపోయింది. మిలిటరీ మనిషో, పోలీసో, వేటగాడో, కాకపోతే ఎవరి మీదో కసి పెట్టుకున్నవాడో. యాభై దాటి, చత్వారం కళ్ళజోడు నెత్తి మీదకు నెట్టుకుని ఇతరుల లెక్కలు సరిచూసే ఆడమనిషి ఆ బొమ్మలో ఇమడదు. ఇమడకపోతే బొమ్మనే మార్చుకోవాలంటాను నేను. ఆ తర్వాత మన సంఘం ఆటల కమిటీకి ఒక మాట చెప్పాలి. దానికి చివర్లో వస్తాను.

మా రేంజ్‌లో, అంటే గురి సాధన చేసే చోట, పది లేన్లు. మామూలు ఆదివారం వాటిలో ఎవరెవరుంటారంటే, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చే ఐసీయూ నర్సు, సిటీ బస్సు నడిపే ఆయన, స్కూల్లో లెక్కలు చెప్పే మేష్టారు, రిటైరైన వెల్డరు, ఏదో కంపెనీలో వందమందిని నడిపించే మేనేజరు, పరీక్షలు ఎగ్గొట్టరు కానీ ప్రాక్టీసు మాత్రం అప్పుడప్పుడూ ఎగ్గొట్టే ఇద్దరు కాలేజీ పిల్లలు. ఇంకొందరున్నారు, వాళ్ళేం చేస్తారో నాకు తెలీదు. రేంజ్‌లో ఎవరూ విజిటింగ్ కార్డులు పంచుకోరు.

నాకు సరదా అనిపించేది ఏమిటంటే, ఉద్యోగం అడక్కపోయినా కొన్నాళ్ళకి మనిషి చేసే తప్పుల్లో అది బయటపడుతుంది. బస్సాయనకి ఓపిక బోలెడు. ఎంతసేపైనా కదలకుండా నిలబడతాడు. కానీ గురి కుదిరే క్షణంలో కుడి మోకాలు బిగుసుకుంటుంది, కనిపించని బ్రేకు తొక్కుతున్నట్టు. మేష్టారు పదికి ఎనిమిది కొడితే, అది ఎనిమిదెందుకయిందో పక్క లేను వాళ్ళకి పాఠం చెబుతారు. అప్పుడు వాళ్ళకీ ఎనిమిదే వస్తుంది. నర్సుని ఏ చప్పుడూ కదిలించలేదు. పక్కన కుర్చీ పడినా రెప్ప కూడా వేయదు. అయితే షాటుకీ షాటుకీ మధ్య తీసుకోవాల్సిన విశ్రాంతి తీసుకోదు. ఒక పని అయిపోగానే ఇంకో పని వెతుక్కునే చేతులవి.

అందరికంటే ఎక్కువ అవస్థ మేనేజరుది. రైఫిల్ ఎవరి చేతిలోనూ నిలకడగా ఉండదు, ఎంతో కొంత ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగుడుతో రాజీపడి, వేలు తన పని తాను చేసుకుపోయేలా వదిలేయాలి. ఆయనేమో సరిగ్గా మధ్యకి వచ్చినప్పుడు పట్టేద్దామని చూస్తాడు. "ఇప్పుడే!" అనుకుని ట్రిగ్గర్ లాగేస్తాడు. పెల్లెట్, అంటే రైఫిల్లో పెట్టే చిన్న గుండు, ఎక్కడికో పోతుంది. అన్నీ తన చేతుల మీదుగా నడవాలనుకునేవాళ్ళని ఈ ఆట బాగా ఏడిపిస్తుంది. వెల్డరు మాత్రం వచ్చిన మొదటి రోజే నేను ఆర్నెల్లు కిందా మీదా పడి సాధించిన స్కోరు దాటేశాడు. ముప్పై ఏళ్ళపాటు చెయ్యి కదపకుండా, ఊపిరి అదుపులో పెట్టుకుని నిప్పు వైపు చూసిన మనిషి మరి.

నా తప్పు నా వృత్తిదే. పోటీలో 60 షాట్లుంటాయి. మొదటి ఇరవై బాగా పడ్డాయనుకోండి, నేను వెంటనే మూడుతో గుణించేస్తాను. టోటల్ ఎంతవుతుందో తేలాక ఇరవై ఒకటో షాటు కచ్చితంగా చెడుతుంది. కోచ్ మానమని చెప్పి చెప్పి విసిగిపోయింది. బుర్రలో కూడికలు ఆపడానికి ఆవిడ చెప్పిన ఉపాయాలు నాలుగైదు ప్రయత్నించాను. చివరికి ఆ ఉపాయాలు ఎన్నిసార్లు పనిచేశాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఇన్ని రకాల మనుషులు ఇక్కడికెలా చేరతారంటే, ఈ ఆట అడిగే సరుకు వేరు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరు. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. అంటే కొట్టాల్సిన చుక్క కంటే కొట్టే పెల్లెటే తొమ్మిది రెట్లు పెద్దది. ఒలింపిక్ స్థాయిలో 75 నిమిషాల్లో ఇలాంటి షాట్లు 60 కొట్టాలి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తుపాకీ మొన కొంచెం కదులుతుంది, దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. గుండె వేగాన్నీ చేతి వణుకునీ తగ్గించే బీటా బ్లాకర్ మందులు ఈ ఆటలో నిషేధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు దగ్గర్నుంచి రెండు పతకాలు వెనక్కి తీసుకున్నది అందుకే. పరుగు ఆటల్లో గుండెని పరిగెత్తిస్తారు, ఇక్కడ దాన్ని బుజ్జగించాలి. నడుమూ కాళ్ళూ నొప్పి పుట్టే మాట నిజమే, ఐదు కిలోల రైఫిల్ గంటకి పైగా మోయడం ఆషామాషీ కాదు. కానీ పొడవు, వేగం, వయసు, ఆడా మగా తేడా ఇక్కడ పెద్దగా అక్కరకి రావు.

ఎంత అక్కరకి రావంటే, స్వీడన్ షూటర్ ఆస్కార్ స్వాన్ 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచేనాటికి ఆయనకి 72 ఏళ్ళు. మొదటి స్వర్ణం గెలిచింది 1908లో, అరవయ్యో ఏట. మనవాళ్ళు రిటైర్మెంటు గురించి మాట్లాడుకునే వయసులో ఆయన ఒలింపిక్ కెరీర్ మొదలైంది. 1976 మాంట్రియల్‌లో ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి పోటీపడిన రైఫిల్ ఈవెంట్‌లో అమెరికా షూటర్ మార్గరెట్ మర్డాక్ స్కోరు, విజేత, అదే జట్టులోని లానీ బాషమ్ స్కోరు సమానం. టై తేల్చే నియమం ప్రకారం స్వర్ణం ఆయనకి వెళ్ళింది. జాతీయ గీతం మొదలవగానే ఆయన ఆమెని చెయ్యిపట్టి పై మెట్టు మీదకు లాక్కున్నాడు. 2012 లండన్‌లో మలేసియా షూటర్ నూర్ సూర్యానీ తైబీ ఎనిమిది నెలల గర్భంతో పోటీపడింది. జార్జియాకి చెందిన నీనో సలుక్వాద్జె 1988 నుంచి 2024 వరకు పది ఒలింపిక్స్ ఆడింది. వాటిలో ఒకటి, 2016 రియో, సొంత కొడుకుతో కలిసి.

నాకు అందరికంటే ఇష్టుడు కారొలీ తకాచ్. హంగరీ సైనికుడు, మంచి పిస్టల్ షూటర్. 1938లో శిక్షణలో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పాడైంది. ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో సాధన మొదలుపెట్టాడు. 1948లో స్వర్ణం, 1952లో మళ్ళీ స్వర్ణం. నాకు మణికట్టు కాస్త నొప్పెట్టి ప్రాక్టీసు మానేద్దామనిపించినప్పుడల్లా ఈయన గుర్తొచ్చి సిగ్గేస్తుంది. అయినా రెండుసార్లు మానేశాను, అది వేరే సంగతి.

మన దగ్గరివాళ్ళ సంగతికొస్తే, హైదరాబాదు కుర్రాడు ధనుష్ శ్రీకాంత్‌కి వినపడదు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం తెచ్చాడు. అవని లేఖరా పదకొండో ఏట కారు ప్రమాదం తర్వాత చక్రాల కుర్చీకి పరిమితమైంది అని రాస్తుంటారు. 'పరిమితమైంది' అనే మాట ఎవరు కనిపెట్టారో కానీ, టోక్యోలోనూ 2024 పారిస్‌లోనూ పారాలింపిక్ స్వర్ణాలు గెలిచిన మనిషికి అది నప్పదు.

వెనకటికి కర్ణుడు బరిలోకి దిగితే కృపాచార్యుడు ముందు వంశం అడిగాడు. మా రేంజ్ ఆఫీసరు నన్ను ఈ ఆరేళ్ళలో అడిగింది రైఫిల్ బోల్టు తెరిచి ఉందా, ఛాంబర్‌లో గుండు లేదని చూపించే ఫ్లాగ్ పెట్టావా అనే.

అలాగని ఈ ఆట గుమ్మం అందరికీ ఒకేలా తెరుచుకుని ఉందంటే అబద్ధమవుతుంది. 2024లో స్వప్నిల్ కుసాలె పారిస్‌లో కాంస్యం గెలిచినప్పుడు "రైల్వే టికెట్ కలెక్టర్ పతకం కొట్టాడు" అని మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డులు. పగలంతా టికెట్లు చూసి రాత్రిళ్ళు గురి చూసుకున్నాడన్నట్టు చదువుకున్నాం. ఆటగాళ్ళని ఉద్యోగంలోకి తీసుకుని, జీతమిచ్చి, ప్రాక్టీసుకి సెలవిచ్చే పద్ధతి రైల్వేలో ఎప్పట్నుంచో ఉంది. అమెరికా సైన్యానికి 1956 నుంచి ప్రత్యేకంగా షూటింగ్ యూనిట్ ఉంది. ఇటలీలో పోలీసు, సైనిక విభాగాలకి సొంత క్రీడా జట్లున్నాయి. వియత్నాంకి 2016లో మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన హొయాంగ్ సువాన్ విన్ సైనికాధికారి. జేబులో చెయ్యి పెట్టుకుని రజతం కొట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న టర్కీ యూసుఫ్ దికెచ్ కూడా జెండర్మరీ అనే సైనిక పోలీసు దళం నుంచి వచ్చినవాడే. పతకాల జాబితాలో యూనిఫాంలు ఎక్కువ కనపడటానికి వాళ్ళ రక్తంలో ఉన్నదేమిటని వెతకక్కర్లేదు. పెల్లెట్లకీ, జాకెట్‌కీ, రేంజ్‌కీ, ప్రయాణాలకీ నెలనెలా ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. కట్టే యజమాని ఎవరున్నారో చూస్తే చాలు.

ఒక్క ముద్రతో మనిషిని తేల్చేయడం రెండువైపులా కుదరదు. టోక్యోలో ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచిన ఇరాన్ షూటర్ జవాద్ ఫొరూగీ ఆసుపత్రి నర్సు. ఆ వార్త చదివి నేను మా నర్సుకి ఫోన్ చేసి చెప్పాను కూడా. తర్వాత తెలిసింది, ఆయనకి ఇరాన్ సైనిక దళం రివల్యూషనరీ గార్డ్‌తో సంబంధం ఉందని, దాని మీద పెద్ద వివాదం నడిచిందని. ఆ రెండూ ఒకే మనిషివి.

మా క్లబ్బంతా బంగారమని కూడా అనను. తుపాకీల మోడళ్ళ గురించి తప్ప ఇంకేం మాట్లాడని ఒకాయనున్నాడు, ఆయనొస్తే నేను నీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్ళిపోతాను. షూటింగ్ అంటే ధ్యానం, యోగా అని చెప్పుకునేవాళ్ళ మీద కూడా నాకు పెద్ద గురి లేదు. చేతిలో ఉన్నది ఆయుధం, దాన్ని మరిచిపోకూడదు. భయం ఉండటంలో తప్పేమీ లేదు, నాకూ ఉంది. నాకు మొదటి రెండు వారాలు నేర్పింది పేల్చడం కాదు, కింద పెట్టడం. మొన ఎటు ఉండాలి, వేలు ఎక్కడ ఉండాలి, ఎవరైనా ముందుకి నడిచినప్పుడు ఎంత దూరం వెనక్కి జరగాలి. ఒకసారి పదిహేనేళ్ళ అనుభవమున్న సభ్యుడొకరు మాటల్లో పడి, రైఫిల్ మొన లైను నుంచి పక్కకి తిప్పారు. ఆ రోజుకి ఇంటికి పంపేశారు. ఊళ్ళో ఆయన పెద్ద డాక్టరు. నోరెత్తకుండా సంచి సర్దుకుని వెళ్ళి, మరుసటి వారం అందరికంటే ముందొచ్చారు.

ఇప్పుడు ఆటల కమిటీకి. మన వార్షిక పోటీలంటే క్రికెట్, వాలీబాల్, త్రోబాల్, పిల్లలకి పరుగు పందాలు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, చూసిపోవడానికొచ్చిన అమ్మానాన్నలు, ఆటలంటే బిడియపడే పిల్లలు మడత కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టాలి. ఒక్క పూట, ఏదైనా గుర్తింపు ఉన్న క్లబ్బులో, కోచ్ పక్కనుండగా, ఎయిర్ రైఫిల్ పరిచయం పెట్టండి. మనం ఎక్కడుంటే అక్కడి చట్టం ముందే కనుక్కోండి, దేశదేశానికీ అది మారుతుంది. ఇన్సూరెన్స్ కాగితాలు నేను చూస్తాను, అదే కదా నా పని. ఇష్టం లేనివాళ్ళని బలవంతపెట్టొద్దు. కుర్చీల వరుసలోవాళ్ళని మాత్రం ముందు అడగండి.

పోయిన నెల మా ఆయన మొదటిసారి రేంజ్‌కి వచ్చారు. ఆరేళ్ళుగా "ఎలాంటి మనుషులుంటారో ఏమో అక్కడ" అంటూ వస్తున్న మనిషి. చెవులకి మఫ్ పెట్టుకుని వెనక బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నారు. ఇంటికి తిరిగొస్తూ కార్లో అడిగారు, "నీ పక్క లేన్లో ఆ పెద్దాయన, తెల్ల గడ్డం, ఏం చేస్తుంటాడు?"

నాలుగేళ్ళుగా ఆయన పక్కనే నిలబడుతున్నాను. కాసేపు ఆలోచించాను.

"ఊపిరి వదిలాక మరీ ఎక్కువసేపు ఆగుతాడండీ. ఎన్నిసార్లు చెప్పినా వినడు."