ఆయిల్ మారింది, ఆయన మారలేదు

(లెక్సస్ ఎల్‌ఎక్స్ 470. ఆయిల్ ప్రెజర్‌తో పైకి లేచి కిందికి దిగే సస్పెన్షన్ ఉన్న కారు. బానెట్ తెరిచి ఉంది. ఆయన చేతిలో సిరంజి, ఆవిడ చేతిలో సర్వీస్ మాన్యువల్. ఎవరి చేతిలో ఏది ఉండాలో అది లేదు.)

ఆయన: అయిపోయింది! సస్పెన్షన్ ఆయిల్ మార్చేశా. ట్యాంకులో పాతది లాగేశా, కొత్తది పోసేశా. పావుగంట పట్టింది, అంతే.

ఆవిడ: కుండలో నీళ్ళు మార్చి కాలవ కడిగానంటారేంటండీ? అసలు మురికంతా గొట్టాల్లో, చక్రాల దగ్గర ఉంటే! పాత ఆయిల్ బయటికి వదిలే మర, అదే బ్లీడర్, చక్రానికొకటి. ప్రెజర్ దాచి ఉంచే అక్యుమ్యులేటర్‌కి ఇంకోటి. వెరసి ఐదు.

ఆయన: ఐదూ ఇప్పాలా?

ఆవిడ: రెండిప్పి మూడు మొక్కుకుంటారా? ముందు ఇది చెప్పండి. బండి ఎల్‌లో, అంటే కిందికి దిగి ఉన్నప్పుడు ట్యాంకులో ఏ గీత దాకా ఉంది, హెచ్‌కి, అంటే పూర్తి ఎత్తుకి లేపాక ఎక్కడికి దిగింది, చూశారా?

ఆయన: చూశా. ఆరు గీతలు దిగింది. ఎంత పొదుపైన బండో!

ఆవిడ: పొదుపు కాదు, జబ్బు. సస్పెన్షన్‌లో గ్యాసు నింపిన గుండ్లుంటాయే, ఆ గ్లోబులు కొత్తవైతే తేడా 14 గీతలు ఉండాలి. ఏడు కూడా లేదంటే వాటి పని అయిపోయినట్టే. గతుకు తగిలితే నడ్డి విరిగేది అందుకే.

ఆయన: ఆయిల్ పాడైతే గతుకులు తెలుస్తాయి. కొత్తది పోస్తే అదే మెత్తబడుతుంది.

ఆవిడ: గ్లోబులో రబ్బరు పొరకి ఇవతల ఆయిల్, అవతల నైట్రోజన్. స్ప్రింగులా నొక్కుకుని లేచేది ఆ గ్యాసు. అది కారిపోతే ఇవతల ఆయిల్ మారిస్తే పుడుతుందా?

ఆయన: నువ్వు నిరుత్సాహపరచకు. స్పానర్ ఇటివ్వు.

(బండిని ఎల్‌కి దించి ఇంజిన్ ఆపి, ఆయన కింద దూరబోయాడు.)

ఆవిడ: ఆగండి! బ్లీడర్ వదులు చేస్తే బండి ఆ మూల కుంగుతుంది. దాదాపు రెండున్నర టన్నుల బరువు. ముందు ఫ్రేము కింద స్టాండ్లు పెట్టండి.

ఆయన: నా మీద ఇంత ప్రేమా!

ఆవిడ: మిమ్మల్ని బయటికి లాగాలంటే బండి లేపాలి. బండి లేవాలంటే దాంట్లో ఆయిల్ ఉండాలి. ఆయిల్ పోయాల్సింది మీరే. మీరేమో కింద ఉంటారు.

(స్టాండ్లు పెట్టారు. బ్లీడర్ మీద పారదర్శకంగా ఉండే సన్నటి ట్యూబు తొడిగి, రెండో కొస సీసాలో పెట్టారు. పావు మలుపు తిప్పగానే కాటుక కరిగినట్టు నల్లగా ఒక ధార. మధ్యమధ్య ఆవగింజంత బుడగలు. ట్యూబులో నలుపు కాస్త పలచబడగానే ఆయన పొంగిపోయాడు. అప్పుడే సీసా నిండి చేయి తడిసింది.)

ఆవిడ: బిగించండి! ట్యాంకు ఖాళీ అయితే పంపు గాలి మింగుతుంది. మళ్ళీ మొదటికొస్తాం.

ఆయన: 2.5 లీటర్ల డబ్బా అడుగంటిందే! పోనీ, బ్రేక్ ఆయిల్ సగం డబ్బా మిగిలుంది కదా, అది...

(ఆవిడ మాన్యువల్ మూసేసింది. ఈ ఇంట్లో అది తుఫాను హెచ్చరిక.)

ఆవిడ: ఇది మినరల్ ఆయిల్. దీని రబ్బరు సీళ్ళకి బ్రేక్ ఆయిల్ విషం.

ఆయన: రెండూ ఆయిలే కదా!

ఆవిడ: మీరూ, మెకానిక్కూ... ఇద్దరూ మనుషులే కదా!

(మర్నాటికి ఇంకో డబ్బా వచ్చింది. ట్యాంకు నింపడం, స్టాండ్లు తీసి ఇంజిన్ వేసి బండిని లేపడం, దించడం, మళ్ళీ స్టాండ్లు, మళ్ళీ బ్లీడర్. అక్యుమ్యులేటర్ దగ్గర మాత్రం ఆయన మొదటిసారి చెప్పిన మాట విన్నాడు, ఎందుకంటే అక్కడి ప్రెజర్‌కి ట్యూబు ఊడి ముందు ఆయన చొక్కాయే నల్లబడింది.)

ఆయన: చూడు, ఇప్పుడు వచ్చేదెంత తేటగా ఉందో! పద, గీతలు లెక్కపెడదాం.

(ఎల్‌కి దించి ఒకసారి, హెచ్‌కి లేపి ఒకసారి. ఆయన ట్యాంకు ముందు చాలాసేపు నిలబడ్డాడు.)

ఆవిడ: ఎంత?

ఆయన: ఆరున్నర! చెప్పానా? ఫ్లష్ చేస్తే పెరుగుతుందని!

ఆవిడ: ఆ అర ఎక్కడిదండీ?

ఆయన: ... కొంచెం వంగి చూశాలే.