లెగమంటే లెగని లెగో

పర్లాకిమిడిలో నలభై ఎనిమిదేళ్ల మగాడు ఇటుకలు కొంటున్నాడంటే ఊరంతా సంతోషిస్తుంది. "మేడ లేపుతున్నారా బాబూ?" అని పాలవాడు అడుగుతాడు. పాతపట్నం నుంచి బావ ఫోన్ చేసి ఇసుక ఎక్కడ చవగ్గా దొరుకుతుందో చెబుతాడు. తీరా ఆ ఇటుకలు ప్లాస్టిక్‌వనీ, ఒక్కోటి ఎత్తు 9.6 మిల్లీమీటర్లేననీ తెలిశాక అదే ఊరు మా ఆవిడను జాలిగా చూడ్డం మొదలెడుతుంది.

అందుకే పెద్దలకు ఈ విన్నపం. వయసొచ్చినవాడు, నొక్కితే ఒకదానికొకటి బిగుసుకునే ఈ లెగో ఇటుకలు పేర్చడం గృహస్థధర్మంలో ఒక భాగమని తక్షణం గుర్తించాలి. మా గజపతి జిల్లాలో కాయితం మీది ప్లానుకూ నేల మీది కట్టడానికీ అంగుళం తేడా లేకుండా పూర్తయ్యేవి ప్రస్తుతానికి అవొక్కటే.

ముందు పేరు సంగతి తేల్చాలి. డెన్మార్కులో బిల్లుండ్ అనే ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి 1932లో చెక్కబొమ్మలు చెయ్యడం మొదలెట్టాడు. 'బాగా ఆడుకో' అని అర్థం వచ్చే రెండు డేనిష్ మాటల్ని కుదించి లెగో అని పేరు పెట్టాడు. పాపం, ఆయనకి మన యాస తెలీదు. మా వైపు 'లెగు' అంటే లేచి నిలబడమని. నేల మీద బాసింపట్టు వేసుక్కూచుని రెండు గంటలు ముక్కలు ఏరినవాడు తనంతట తాను చెయ్యలేని పని సరిగ్గా అదే.

"ఏటి బాబూ అది?" అని అత్తగారు అడిగారొక రోజు.

"లెగో, అత్తయ్యా."

"నాను లెగడవేటి? నువ్వే లెగు. అన్నం సల్లారిపోతంది."

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. వాడుక భాషలో ఏ మాటకు ఏ అర్థమో ఇక్కడ అత్తగారిదే తుది తీర్పు. లెగిశాను.

2020 నుంచి పెద్దవాళ్ల సెట్ల పెట్టెల మీద 18+ అని వేస్తున్నారు. పిల్లల బొమ్మ కాదని చెప్పడానికి అంతకన్నా రుజువేం కావాలి అనుకున్నాను. పార్సిల్ తెచ్చిన కుర్రాడు ఆ అంకె చదివి, పెట్టెను పేపర్లో చుట్టి, ఇంట్లోవాళ్లు చూడకుండా నా చేతిలో పెట్టి వెళ్లాడు. సంస్కారం ఉన్న కుర్రాడు.

ఇక అసలు విద్య, ఏరడం. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు రంగుల వారీగా ఏరడం. నేనూ చేశాను. నల్లవన్నీ ఒక డబ్బాలో పోస్తే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. వాటిలోంచి రెండు బుడిపెల నల్లముక్క ఒకటి తియ్యాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది, బొగ్గుల బస్తాలో గండుచీమను పట్టడం ఎలా ఉంటుందో. ఆకారాల వారీగా ఏరితే ఆ బాధ లేదు. బారువి ఒక చోట, పలకలు ఒక చోట, గుండ్రటివి ఒక చోట. అప్పుడు కావలసిన రంగు దానంతటదే కంటికి తగుల్తుంది. కన్ను రంగును వెతకదు, పట్టేస్తుంది. ఆకారాన్ని మాత్రం వెతకాలి. ఈ ఒక్క సత్యం తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు, మా ఇంట్లో ఉన్న చేటలన్నీ పట్టాయి.

చేటలు చాలక పోపులడబ్బా తీసుకున్నాను. ఏడు గిన్నెలు, ఒక మూత, దీనికోసమే పుట్టినట్టుంటుంది. తిరిగి ఇచ్చేటప్పుడు పసుపురంగు గుండ్రటి ముక్క ఒకటి శనగపప్పు గిన్నెలో ఉండిపోయింది. మర్నాడు పులిహోర తాలింపులో ఆ పప్పుబద్ద వేగలేదు సరికదా, మెత్తబడి గరిటెను పట్టుకుని వదల్లేదు. ఈ ఇటుకలకు 1963 నుంచీ ఏబీఎస్ అనే ప్లాస్టిక్ వాడుతున్నారు. గట్టిది, రంగు నిలుస్తుంది, పట్టు సడలదు. తాలింపుకు ఆగదన్నది మాత్రం మా వంటింట్లోనే తేలింది.

విజ్ఞానం ఇంట్లో పంచకూడదని కూడా అప్పుడే తేలింది. ఎనిమిది బుడిపెలున్న ఒకే రంగు ఇటుకలు ఆరుంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపొచ్చని లెక్కగట్టారు. గొప్ప కోసం ఈ మాట మా ఆవిడతో అన్నాను. ఆవిడ శ్రద్ధగా విని, లోపలికెళ్లి, డబ్బాలోంచి ఆరు ఎర్ర ఇటుకలు లెక్కపెట్టి తెచ్చి నా ముందు పెట్టింది. "ఇవి పేర్చడం అయ్యాక చెప్పండి, కొత్తవి కొనుక్కుందాం." అప్పటికి తాజ్‌మహల్ సెట్టు, 5,923 ముక్కలది, ధర చూసి పెట్టుకున్నాను. ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

మా ఊళ్లో కొమ్ముతో కొంగల్ని చెక్కుతారు, పేరున్న విద్య. ఆ కొంగను అద్దాల బీరువాలో పెట్టుకున్నవాణ్ణి కళాభిమాని అంటారు. ఎనిమిదేళ్లుగా తాళం తియ్యని ఫ్లాటు బరంపురంలో ఉన్నవాణ్ణి ముందుచూపున్నవాడంటారు. నేను ఇల్లు కట్టి, విప్పి, అదే సరుకుతో రేపు గుడి కడతాను. నాకే పేరూ లేదు.

పైగా పట్టు చూడండి. పైన బుడిపెలు, లోపల గొట్టాలు ఉన్న ఈ ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. ఆ ఏటి ఇటుకను ఇవాళ్టి ఇటుక మీద పెట్టి నొక్కితే టక్కున కూర్చుంటుంది. మా సరిహద్దు గీత 1936 ఏప్రిల్ 1న గీశారు. ఇటు పర్లాకిమిడి ఒడిశాలో, పక్కనే పాతపట్నం మద్రాసులో ఉండిపోయాయి. ఆనాటి గీత, ఒడిశా, ఆంధ్ర రెండూ మావంటే మావనే కొఠియా ఊళ్ల దగ్గర ఇవాళ్టికీ కూర్చోలేదు. రెండు రాష్ట్రాలూ నొక్కుతూనే ఉన్నాయి. ఆ గీత గీసినవాళ్లలో బిల్లుండ్ నుంచి ఒక వడ్రంగి ఉండాల్సింది.

ఇప్పుడు నా చేతిలో ఉన్న పని పర్లాకిమిడి లైట్ రైల్వే. 1900లో నౌపడ నుంచి మా ఊరికి వచ్చిన చిన్న రైలు. తర్వాత గుణుపురం దాకా వెళ్లింది. 2004లో బ్రాడ్‌గేజి కోసం ఆపేశారు. పట్టాల మధ్య రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. లెగో పట్టాల మధ్య దాదాపు 38. అంటే ఇరవయ్యో వంతు. దేవుడే కుదిర్చాడనిపించింది. తర్వాత దూరం లెక్క వేశాను. నౌపడ నుంచి గుణుపురం దాదాపు 90 కిలోమీటర్లు. ఇరవయ్యో వంతైతే నాలుగున్నర కిలోమీటర్లు. మా హాలు పద్నాలుగు అడుగులు. ఈ లెక్కన నా రైలు నౌపడ స్టేషను ఆవరణ కూడా దాటదు.

కాబట్టి మేడ మీద పొడుగాటి గది వెయ్యక తప్పదు. పాలవాడి మాటే నిజమైంది. మొన్న ఆదివారం అంచనా వెయ్యడానికి మేస్త్రి వచ్చాడు.

"ఇంత పొడుగు గదేటి బాబూ? గోడౌనా?"

హాల్లో సగం కట్టిన స్టేషను చూపించాను. నవ్వుతాడనుకున్నాను. వంగి, బొటనవేలితో గోడను కాస్త తోశాడు. గోడ నిలువునా రెండుగా విడిపోయింది.

"జాయింటు మీద జాయింటు పడిపోనాది. కింద వరస అతుకు మీద పై ఇటుక నడుం కూకోవాల. ఎవుడు కట్టినాడిది?"

"నేనే."

"ఇప్పీండి" అని భుజం మీది తుండు దులిపి, కింద పరుచుకుని కూర్చున్నాడు. ఇటుక ఒకటి తీసి తిప్పి చూశాడు. నల్లవి ఎక్కడున్నాయని అడిగాడు.

అత్తగారు రెండుసార్లు టీకి పిలిచారు. ఎండ గుమ్మం దాటింది. మేడ మీద కొలతలు ఇంకా తియ్యలేదు.